వెటరన్స్ ఆస్పత్రిలో సేవ చేయాలంటే: నైట్స్ ఆఫ్ కొలంబస్ నాలుగో డిగ్రీ, వాలంటీరు దరఖాస్తు

అమెరికాలో మన కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) పెద్ద పండుగ రోజున దివ్యపూజకు ముందు ముదురు నీలం కోటు, నల్లటి బెరే టోపీ, చేతిలో కత్తితో రెండు వరసల్లో నిలబడేవాళ్లను చూసే ఉంటారు. వాళ్లు నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కతోలిక పురుషుల సంఘంలో నాలుగో డిగ్రీ, అంటే నాలుగో మెట్టు, సభ్యులు. పండుగనాడు మనకు ఆ వరసలే కనిపిస్తాయి. మిగతా రోజుల్లో వాళ్లలో చాలామంది మాజీ సైనికుల ఆస్పత్రుల్లో చక్రాల కుర్చీలు తోస్తూనో, పెద్దవాళ్ల మంచం పక్కన కూర్చుని మాట్లాడుతూనో ఉంటారు. ఆ పనిలో చేరాలని నన్ను అడిగిన మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు సంఘం గురించి కొంచెం. 1882లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో, సెయింట్ మేరీస్ గుడిలో ఫాదర్ మైఖేల్ మెక్‌గివ్నీ దీన్ని స్థాపించారు. సంపాదించే మనిషి చనిపోతే వలస కుటుంబాలు వీధిన పడకూడదన్నది ఆయన తపన. 2020లో శ్రీసభ, అంటే కతోలిక చర్చి, ఆయనను ధన్యుడిగా ప్రకటించింది. దాతృత్వం, ఐక్యత, సోదరభావం మొదటి మూడు సూత్రాలు. దేశభక్తి నాలుగోది. దాని కోసమే 1900లో నాలుగో డిగ్రీ మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వీళ్లు సైనికుల కోసం నడిపిన విశ్రాంతి శాలల బయట ‘అందరికీ స్వాగతం, అన్నీ ఉచితం’ అని బోర్డు ఉండేది. కతోలికుడా కాదా అని అడిగేవారు కాదు. ఇప్పటి ఆస్పత్రి సేవ కూడా అదే పద్ధతిలో నడుస్తుంది.

చేరడం ఎలా?

పద్దెనిమిదేళ్లు నిండి, విశ్వాసాన్ని ఆచరించే కతోలిక పురుషులు చేరవచ్చు. మీ విచారణలో కౌన్సిల్, అంటే సంఘం స్థానిక శాఖ, ఉంటే దాని పెద్ద అయిన గ్రాండ్ నైట్‌ను కలవండి. ఎవరో తెలియకపోతే విచారణ గురువుల్ని అడిగితే చెబుతారు. ఫారం 100 నింపాలి, లేదా సంఘం వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో చేరవచ్చు. అయితే ఆన్‌లైన్‌లో చేరినంత మాత్రాన పని పూర్తికాదు. స్థానిక కౌన్సిల్‌లోకి వచ్చి డిగ్రీ కార్యక్రమం పూర్తి చేయాలి. ఒకప్పుడు మూడు డిగ్రీలకు మూడు వేర్వేరు కార్యక్రమాలుండేవి. 2020 నుంచి మూడూ కలిపి ఒకే కార్యక్రమంగా, కుటుంబం కూడా వచ్చి చూసేలా జరుపుతున్నారు.

మూడో డిగ్రీ అయ్యాక నాలుగో డిగ్రీకి ఫారం 4 ఉంటుంది. కౌన్సిల్‌కు కట్టాల్సిన చందా బాకీ లేకుండా చూసుకోండి. ఫారం నాలుగో డిగ్రీ వాళ్ల శాఖకు, అంటే అసెంబ్లీకి వెళ్తుంది. దాని పెద్దను ఫెయిత్‌ఫుల్ నావిగేటర్ అంటారు. తర్వాతి కార్యక్రమం ఎప్పుడో, ఎక్కడో, రుసుము ఎంతో ఆయన చెబుతారు. కత్తి, యూనిఫాం కొనాలేమోనని కొందరు ఖర్చుకు భయపడి వెనక్కి తగ్గుతారు. ఆస్పత్రి సేవకు అవేవీ అక్కర్లేదు.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. వెటరన్స్ ఆస్పత్రిలో సేవకు నైట్ అయి ఉండాలన్న నిబంధన లేదు. మీ ఇంటి ఆడవాళ్లు, వేరే మతంవాళ్లు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంఘం ద్వారా వెళ్తే చేయి పట్టుకుని నడిపించేవాళ్లు ఉంటారు, అంతే తేడా. చాలా ఆస్పత్రుల్లో సంఘం తరఫున ఒక ప్రతినిధి ఉంటారు.

ఆస్పత్రి దరఖాస్తు

వెటరన్స్ వ్యవహారాల శాఖ, అందరూ వీఏ అనే సంస్థ, 1946 నుంచి వాలంటీర్ల విభాగం నడుపుతోంది. మీకు దగ్గర్లోని వీఏ మెడికల్ సెంటర్‌కు ఫోన్ చేసి వాలంటీర్ల ఆఫీసు అడగండి. దరఖాస్తు ఫారం నంబరు 10-7055. ఏయే రోజుల్లో రాగలరు, ఏ పని ఇష్టం, అత్యవసరమైతే ఎవరికి కబురు చేయాలి, ఇలాంటివే ఉంటాయి. మీరు ఏ సంఘం తరఫున వస్తున్నారో రాసే చోట నైట్స్ ఆఫ్ కొలంబస్ అని తప్పకుండా రాయండి. లేకపోతే మీ గంటలు సంఘం లెక్కలోకి రావు. వీసా మీద ఉన్నవాళ్లు మీ స్టేటస్ సంగతి ఫారం ఇచ్చే ముందే ఆ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

తర్వాత చిన్న ఇంటర్వ్యూ, వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ, టీబీ స్క్రీనింగ్, రోగుల వివరాల గోప్యత మీద శిక్షణ, ఓరియెంటేషన్ ఉంటాయి. ఇవన్నీ అయ్యాకే బ్యాడ్జి ఇస్తారు. ఆలస్యమైతే టెన్షన్ పడకండి, వారానికోసారి మర్యాదగా ఫోన్ చేస్తే చాలు. రోజులు ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. వారానికి మూడు రోజులని రాసి నెలకు మానేసేకంటే, శనివారం రెండు గంటలని రాసి ఏడాదంతా వెళ్లడం మేలు. మీ కోసం ఎదురుచూసే మనిషి ఒకరు అక్కడ ఉంటారు.

కాగితాల దగ్గర సాయం

నా అనుభవంలో అసలు అవసరం ఇక్కడే ఉంది. మా విచారణలో ఒక పెద్దాయన, కొరియా యుద్ధ కాలంలో ఆర్మీలో పనిచేసినవారు, సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే తన డిశ్చార్జి కాగితం ఏనాడో పోగొట్టుకున్నారు. డీడీ-214 అనే ఆ ఒక్క కాగితం లేకపోతే ఏ సౌకర్యానికైనా అడుగు ముందుకు పడటం కష్టం. సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి ఎస్‌ఎఫ్-180 ఫారం పంపాలి, లేదా నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో అడగాలి. సంతకం మాజీ సైనికుడిదే ఉండాలి. ఆయన లేకపోతే జీవిత భాగస్వామి, పిల్లల్లాంటి దగ్గరి బంధువులు అడగవచ్చు.

1973 జూలై 12న ఆ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 వరకు ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో ఎనభై శాతం దాకా పోయాయి. కాబట్టి ‘ఫైలు లేదు’ అని జవాబు వస్తే అదే చివరి మాట అనుకోవద్దు. జీతాల రికార్డుల్లాంటి వేరే ఆధారాలతో సేవను ధ్రువీకరించే పద్ధతి ఉంది. యూనిట్ పేరు, చేరిన ఊరు, సంవత్సరాలు ఆయనను నెమ్మదిగా అడిగి, గుర్తొచ్చినంతా దరఖాస్తులో రాయండి. ఆ పూట పెద్దాయన చెప్పే కథలన్నీ వినండి. అది కూడా సేవే. ఇంటింటా సైనికులున్న మిలటరీ మాధవరంలాంటి ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

కాగితం చేతికొచ్చాక ఫారం 40-10007 గురించి ఆయనకు చెప్పండి. జాతీయ శ్మశానవాటికలో ఖననానికి అర్హత ఉందో లేదో బతికుండగానే తేల్చుకునే దరఖాస్తు అది. అర్హత ఉంటే సమాధి స్థలం, తవ్వకం, శిలాఫలకం, పేటిక మీద కప్పే జెండా అన్నీ ఉచితం. భార్యకూ ఆ అర్హత ఉంటుంది. ఫలానా స్థలం ముందుగా కేటాయించరు, అర్హత మాత్రమే నిర్ణయిస్తారు. ఈ విషయం తెలియక అప్పు చేసి అంత్యక్రియలు జరిపే కుటుంబాలను చూస్తే మనసు కలుక్కుమంటుంది.

పెన్షన్, వైకల్య పరిహారం క్లెయిములు మాత్రం మీరు తయారుచేయకండి. దానికి వీఏ గుర్తింపు పొందిన ప్రతినిధులుండాలి. చాలా కౌంటీల్లో వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఉంటారు, ఆ సాయానికి డబ్బు తీసుకోరు. పెద్దాయనను కారులో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్లండి. డీడీ-214 నకళ్లు మూడు తీయించి, ఒకటి ఆయన కొడుకుకో కూతురికో ఇప్పించండి.