పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి లేపడం, నడిపించడం

హాస్పిటల్లో డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీ ఇచ్చి, ఫిజియోథెరపీ చేయించండి అంటారు, అంతే. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా ఎలా తీసుకెళ్లాలో మాకెవరూ చెప్పలేదు. మా నాన్నకి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాక నేను చేసిన మొదటి తప్పు, ఆ చెయ్యి పట్టుకుని లాగి లేపడం. ఆ భుజంలో కండరాలకి పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. రెండు నెలలు రాత్రిళ్లు భుజం నొప్పితో మూలిగాడు. అందుకే ఆ చేతిని లాగొద్దు, చంకలో చెయ్యి పెట్టి ఎత్తొద్దు.

కుర్చీని మంచి చెయ్యి ఉన్న వైపు, మంచానికి ఆనించి కాస్త ఏటవాలుగా వెయ్యండి. చక్రాల కుర్చీ అయితే ముందు బ్రేకులు వెయ్యాలి. మనిషిని మంచం అంచుకి జరిపి, పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనేలా, మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి ఉండేలా కూర్చోబెట్టండి. మీరు పడిపోయిన కాలి వైపు ఎదురుగా నిలబడి, మీ మోకాలు ఆ మోకాలికి అడ్డం పెట్టి, నడుముకి కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోండి. ఇప్పుడు లెమ్మనకండి, ముందుకి వంగమనండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత వంగితే నడుము దానంతటదే లేస్తుంది. నాన్న పడిపోతానన్న భయంతో వెనక్కి వాలిపోయేవాడు. ఓసారి "కింద పావలా పడింది, తీసుకో నాన్నా" అన్నా, నవ్వుతూ వంగాడు, లేచాడు. అప్పట్నుంచి మా ఇంట్లో లేపడమంటే పావలా తీయించడమే. మనిషి బరువు ఒక్కళ్లకి ఆగకపోతే మాత్రం ఇద్దరుండాల్సిందే.

ఊతకర్ర మంచి చేతిలోనే ఉండాలి, చాలామంది పడిపోయిన వైపు పెట్టేస్తారు. నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు ఎక్కడికొస్తుందో కర్ర పిడి అక్కడికి రావాలి. ముందు కర్ర, తర్వాత పడిపోయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, పడిపోయిన కాలు ముందు. లుంగీ కాళ్లకి చుట్టుకుంటుంది, ఎలాస్టిక్ పైజమా నయం. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న.

మంచంలోనే ఉండేవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. నడుము కింద, మడమల దగ్గర రోజూ చూడండి, ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీసినా ఎరుపు పోకపోతే అది పుండుకి మొదలు. అక్కడ మర్దనా చెయ్యొద్దు, బరువు పడకుండా చూసి డాక్టర్‌కి చూపించండి.

పావురం రక్తం పూయమని మాకు నలుగురు చెప్పారు. దానివల్ల ఏమీ రాదు. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారు, ఆ టైమ్ అలాంటివాటికి వృథా చేసుకోకండి, బీపీ మాత్రలు ఒక్కరోజు కూడా మానొద్దు.

వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ సర్టిఫికెట్, అదే సదరం సర్టిఫికెట్, దానికి కూడా తిరగక తప్పదు. వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే పింఛను. ఆంధ్రలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 2024 నుంచి నెలకి 15,000 ఇస్తున్నారు.

ఇంకోటి, రాత్రిళ్లు మంచి చేతికి అందేలా స్టీలు గ్లాసు, చెంచా పెట్టండి. నాన్నకి గొంతు పెగలని రోజుల్లో ఆ టింగుటింగులకే మేం లేచేవాళ్లం.