పాస్‌వర్డులు దాచుకునే పద్ధతిని ఎన్నుకోవడం

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపు ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పెద్దవారి పనులు ఒడిశా వెబ్‌సైట్లలో ఉంటే పిల్లల చదువు దరఖాస్తులు ఆంధ్ర వెబ్‌సైట్లలో ఉంటాయి కనుక పాస్‌వర్డులు త్వరగా పేరుకుపోతాయి. వాటిలో చాలా ఖాతాలు నెట్ సెంటరులో తెరిచినవే. అక్కడ పేరు పక్కన 123 చేర్చిన పాస్‌వర్డునే అన్నింటికీ పెట్టేస్తారు, ఒక్కొక్కసారి నిర్వాహకుని ఈమెయిలే ఇచ్చేస్తారు. అందుచేత ముందుగా ప్రతి ఖాతా ఎవరి ఈమెయిలుకు, ఎవరి నంబరుకు ముడిపడి ఉందో చూసి, సొంతవాటికి మార్చుకోవాలి.

తరువాత చూడవలసింది ఫోను ఎందరి చేతుల్లో తిరుగుతుందన్నది. ఒక్కరే వాడే ఫోనుకు గట్టి స్క్రీన్ లాక్ ఉంటే పాస్‌వర్డులను గూగుల్ ఖాతాలో దాచిపెట్టే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజరు చాలు. ఆ లాకు ఇంటిల్లిపాదికీ తెలిసినప్పుడు మాత్రం వేరే మాస్టర్ పాస్‌వర్డుతో, అంటే మిగిలినవన్నీ తెరిచే ఒకే పాస్‌వర్డుతో, తెరుచుకునే యాప్ కావాలి. అలాంటి యాప్ అయిన బిట్‌వార్డెన్ ఎన్‌క్రిప్ట్ చేసిన (మాస్టర్ పాస్‌వర్డు లేనిదే చదవలేని రూపంలోకి మార్చిన) ప్రతిని తన సర్వర్లలో ఉంచుతుంది కనుక ఫోను పోయినా మరో ఫోనులో తెరవవచ్చు. అయితే మాస్టర్ పాస్‌వర్డు మరచిపోతే దానిని సంస్థ చెప్పలేదు. మరో యాప్ కీపాస్ అన్నింటినీ ఫోనులోనే ఒకే ఫైలులో దాస్తుంది. సిగ్నల్ అందని గజపతి జిల్లా కొండ ఊళ్లలో ఇది మేలే గాని, ఆ ఫైలును పెన్‌డ్రైవులో కూడా ఉంచి, మార్పు చేసిన ప్రతిసారీ ఆ నకలును కొత్తది చేసుకునే శ్రద్ధ ఉన్నవారికే నేను దీనిని సూచిస్తాను.

2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజరు సంస్థ నుండి వినియోగదారుల ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డుల ఖజానాల నకళ్లు దొంగల చేతికి చిక్కాయి. అలా చిక్కిన నకలుపై ఎన్నిసార్లు ఊహించి చూసినా అడ్డుకునేవారుండరు కనుక, మాస్టర్ పాస్‌వర్డు పొడవే అక్కడ రక్షణ. పాచికలతో మాటలు ఎంచి పాస్‌వర్డు చేసే పద్ధతిని డైస్‌వేర్ అంటారు, దాని పట్టికలో 7776 మాటలుంటాయి. ప్రతిసారీ ఐదు పాచికలు వేసి, పడిన అంకెలకు పట్టికలో ఉన్న ఒక్కొక్క మాట చొప్పున ఆరు మాటలు తీసుకోవాలి. తెలుగు, ఒడియా కలిపి సొంతంగా అల్లుకున్న వాక్యం తెలివైనదిగా తోచినా, ఇష్టదైవం పేరో సామెతో అందులో చొరబడక మానదు. బలం రెండు భాషలు కలపడంలో లేదు, మాటలను పాచికలకు వదిలేయడంలో ఉంది.

ఈ మాస్టర్ పాస్‌వర్డును, ఖాతా తెరుచుకోనప్పుడు లోపలికి వెళ్లనిచ్చే రికవరీ కోడ్‌లను కాగితంపై రాసి పొలం దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టాలి. యాప్ వద్దనే పెద్దలకు ఆ బీరువాలోని నోటుపుస్తకమే సరిపోతుంది. దానిని చులకన చేయనక్కరలేదు. అన్ని ఖాతాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టడం అంతకంటె చాలా ప్రమాదం. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ మాత్రం అందులోనూ రాయకూడదు.

సరిహద్దు దాటి పనికి వెళ్లినవారు సిమ్ మార్చడం మామూలే. వాడకుండా వదిలేసిన నంబరు కొంతకాలానికి వేరొకరికి వెళ్లవచ్చు, దానికి వచ్చే ఓటీపీలు కూడా వారికే చేరతాయి. కనుక పాత సిమ్ తీసేయకముందే ఖాతాలలో నంబరు మార్చి, వీలున్నచోట ఎస్సెమ్మెస్‌కు బదులు ఫోనులోనే కోడ్‌లు తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోవాలి. మిగిలిన ఖాతాల పాస్‌వర్డులను మార్చుకునే దారి ఈమెయిలే కనుక పాస్‌వర్డు మార్పులు దానితో మొదలుపెట్టి, ఆపైన బ్యాంకు ఖాతాలకు, తరువాత దరఖాస్తుల ఖాతాలకు వెళ్లాలి.