ఉదయగిరి ముట్టడిని నాయకత్వ దృష్టితో చదవడం ఎలా

ఒక యుద్ధంలో ఎవరు గెలిచారో ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. సేనాని తీసుకున్న ఏ నిర్ణయం వల్ల గెలిచారో తేల్చుకోవాలంటే మాత్రం కొంత శ్రమపడాలి. నెల్లూరు జిల్లా విద్యార్థులకు ఇందుకు ఉదయగిరిని మించిన పాఠం లేదని నా నమ్మకం. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించిన ఈ గజపతుల (ఒడిశా రాజుల) దుర్గం 1514 వేసవిలో గాని ఆయన వశం కాలేదు.

ముందుగా నేలను చదవాలి. పుస్తకం తెరవకముందే ఉదయగిరి వెళ్లి, ఊళ్లో నిలబడి, సుమారు 3,000 అడుగుల ఆ కొండను, దాని నిట్టనిలువు చరియలను తేరిపార చూడాలి. పైకి ఎక్కేవాడు ఎక్కడెక్కడ పైనున్నవాడి కంట పడతాడో, పైనుంచి రాళ్లు దొర్లిస్తే ఎక్కడ పడతాయో గుర్తించి కాగితం మీద గీసుకోవాలి.

ఆ తరువాతే బలాబలాల లెక్క. రాయలు 34,000 కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడనీ, కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. అతడు రాసింది ముట్టడి జరిగిన సుమారు ఇరవై ఏళ్లకు గనుక ఈ అంకెలను నిష్పత్తి కోసమే వాడుకోవాలి. కోటకు చేరే దారి ఒక్కటే, అదీ మనుషులు ఒకరి వెనుక ఒకరు మాత్రమే నడవగలిగినంత ఇరుకైనదని కూడా అతడే చెప్పాడు. అటువంటి దారిలో ఎంత పెద్ద సేనకైనా ముందు నిలిచి పోరాడేవాడు ఒక్కడే.

అసలు ప్రశ్న ఇక్కడే వేసుకోవాలి: ఆ స్థితిలో నాయకుడి ముందున్న మార్గాలేమిటి, వాటిలో అతడు దేన్ని వదులుకున్నాడు? ప్రాణనష్టానికి వెరవక ఎగబడవచ్చు, వెనుదిరగవచ్చు, లేదా కోటలో తిండి అయిపోయేదాకా కాచుకోవచ్చు. రాయలు ముట్టడిని సడలించకుండానే బండలు పగలగొట్టించి ఆ ఇరుకు బాటను వెడల్పు చేయించాడు, కొండల మీదుగా మరికొన్ని బాటలు వేయించాడు. దాదాపు ఏడాదిన్నర పట్టిన ఈ పనిలో, వానలు అంతంతమాత్రంగా పడే మెట్ట సీమలో, అంత సేనకు గింజలూ నీళ్లూ అందిస్తూ ఎవరూ చెదిరిపోకుండా నిలపడమే నా దృష్టిలో ఆయన నాయకత్వానికి అసలైన కొలత.

ఓడిన పక్షాన్నీ ఇంతే శ్రద్ధగా చదవాలి. గజపతుల తరఫున కోటను కాచిన తిరుమల రౌతరాయడు అంతకాలం నిలబడ్డాడంటే అది కొండ బలం ఒక్కటే కాదు. లోపలి కట్టుబాటు కూడా.

జనశ్రుతిని వేరే పుటలో రాసుకోవడం మంచిది. ఉదాహరణకు, ఈ ముట్టడికి చాలా ముందు, పదమూడో శతాబ్దంలో, పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర పశువుల మంద గల యాదవ నాయకుడు కాటమరాజుతో పోరి తిరిగివచ్చిన నెల్లూరు సేనాని ఖడ్గ తిక్కనకు ఇంటి ఆడవాళ్లు పసుపు ముద్ద పెట్టి సిగ్గుపడేలా చేశారన్న కథ ఆనాటి పౌరుషపు విలువలను చక్కగా చూపుతుంది గాని వ్యూహాన్ని చూపదు. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగవు యుద్ధం దాకా ఎందుకు పోయిందన్నదే అక్కడ నాయకత్వానికి సంబంధించిన ప్రశ్న.

చివరగా గెలుపు తరువాతి నడతను చూడాలి. కోటలో చిక్కిన గజపతి బంధువురాలిని రాయలు మర్యాదగా చూశాడని న్యూనిజ్ రాశాడు. ఉదయగిరి బాలకృష్ణ విగ్రహం హంపికి చేరి అక్కడి గుడిలో ప్రతిష్ఠితమైంది. ఇక 1515లో కొండవీటి ముట్టడిని ఇవే ప్రశ్నలతో మీరే చదవండి. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వంటి కోటలను పటంలో గుర్తించి, అవి చేతిలో ఉన్నవాడికి కొండవీడు ఎంత ఒంటరిగా కనబడుతుందో గమనించండి.