హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: పంచదార నీళ్లు చాలు

అమెరికాలో ఉంటూ పెరట్లో హమ్మింగ్‌బర్డ్ (పూల మకరందం తాగే బుల్లి పిట్ట) ఫీడర్, అంటే దానికి తీపి నీళ్లు పోసి వేలాడదీసే పాత్ర, పెట్టాలనుకునేవాళ్లు షాపులో అమ్మే ఎర్ర సిరప్ కొనకండి. కప్పు తెల్ల పంచదార నాలుగు కప్పుల నీళ్లలో కరిగించి, చల్లారాక పోస్తే సరిపోతుంది. రంగు అక్కర్లేదు, ఫీడర్‌కున్న ఎరుపు చాలు. తేనె, బెల్లం మాత్రం వద్దే వద్దు. తేనె నీళ్లకు బూజు త్వరగా పడుతుంది, బెల్లంలోని ఇనుము ఆ చిన్న ప్రాణానికి హాని. ఎండాకాలంలో రెండు రోజులకోసారి, నీళ్లు మసకబారితే ఇంకా ముందే పారబోసి, వేడినీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది కడగండి. ఇది బద్ధకిస్తే ఫీడర్ పెట్టకపోవడమే మేలు.

ఇక చూడటం. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా కూర్చోండి. తూర్పు రాష్ట్రాల్లో కనిపించే రూబీ త్రోటెడ్ రకం మగపిట్ట గొంతు నీడలో నల్లగానే ఉంటుంది, తల ఇటు తిప్పగానే కెంపులా మెరుస్తుంది. ఎంత బాగుంటుందో! ఒక్కోసారి ఒకే మగపిట్ట పక్క కొమ్మ మీద కాపు కాసి, వచ్చినవాటినల్లా తరిమేస్తుంది. అప్పుడు ఇంటికి అవతలి వైపు, దానికి కనపడని చోట రెండో ఫీడర్ కట్టండి. కాలిఫోర్నియా తీరంలో అయితే అన్నాస్ రకం ఏడాదంతా ఉంటుంది కాబట్టి చలికాలంలోనూ తీసేయకండి.