చవకైన చేతి రేడియోతో విమానాశ్రయం మాటలు వినడం ఎలా?

విమానాశ్రయానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఒక డాబా మీద కూర్చుని చిన్న రేడియో పెడితే, చాలాసార్లు సంభాషణలో సగమే వినిపిస్తుంది. పైలట్ల గొంతులు వస్తాయి, నేల మీద నుంచి విమానాలకు ఆదేశాలిచ్చే కంట్రోలర్ గొంతు రాదు. అయినా జరుగుతున్నదంతా తెలిసిపోతుంది. కంట్రోలర్ ఇచ్చిన ముఖ్యమైన ఆదేశాలన్నీ పైలట్ తిరిగి అప్పజెప్పాలన్నది ఈ రేడియో నియమం కాబట్టి, ఆ సగం వింటే రెండో సగం అందులోనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మొదట్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కొన్ని నెలల నిరాశ తప్పేది. అందుకే ముందుగా మీకు చెబుతున్నాను. ఇక మొదలుపెడదాం.

ముందు చట్టం చూసుకోండి

రేడియో కొనే ముందే మీరున్న దేశంలో నియమం ఏమిటో తెలుసుకోవాలి. అమెరికాలో విమానాల రేడియో వినడానికి లైసెన్సు అక్కర్లేదు. బ్రిటన్‌లో రిసీవర్ కొనుక్కోవచ్చు గానీ, అందరి కోసం ఉద్దేశించని ప్రసారాలను అనుమతి లేకుండా వినడం నేరం. కొన్నిచోట్ల వినడం కంటే పరికరం దగ్గరే ఇబ్బంది: మాట పంపగల హ్యాండ్‌సెట్ ఇంట్లో ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి. అలాంటి చోట వినడానికి మాత్రమే పనికొచ్చే రిసీవర్ తీసుకోవడం మంచిది.

వినడానికి అనుమతి ఉన్న చోట కూడా ఒక గీత దాటకూడదు. మీ సెట్‌కు పీటీటీ బటన్, అంటే నొక్కి మాట్లాడే బటన్ ఉంటే, విమానాల బ్యాండ్‌లో దాన్ని ఎప్పుడూ నొక్కకండి. సరదాకి కాదు, టెస్టింగ్‌కి కూడా కాదు. మెనూలో ట్రాన్స్‌మిట్ ఆపే సెట్టింగ్ ఉంటే కొన్న రోజే ఆపేయండి. లేకపోతే కీప్యాడ్ లాక్‌ను నమ్ముకోకండి, చాలా సెట్లలో లాక్ వేసినా పీటీటీ పనిచేస్తూనే ఉంటుంది. దిగుతున్న విమానానికి వచ్చే సూచన మీద మీ బటన్ శబ్దం పడితే ఏమవుతుందో కింద చెబుతాను.

రేడియోలో చూడాల్సినవి రెండే

మొదటిది బ్యాండ్. పైలట్లు, కంట్రోలర్లు మాట్లాడుకునేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. మామూలు ఎఫ్ఎం రేడియో 108 దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి 118 దాకా విమానాలకు దారి చూపే నావిగేషన్ సిగ్నళ్లు, ఆ పైన మాటలు.

రెండోది మోడ్, అంటే మాటను తరంగంలోకి ఎక్కించే పద్ధతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. విమానాల మాటలన్నీ ఏఎంలో ఉంటాయి, ఎఫ్ఎంలో కాదు. నేను మొదట కొన్న వాకీటాకీ డబ్బా మీద అంకెలు చూసి మురిసిపోయాను. అది ఎఫ్ఎం మాత్రమే పట్టే సెట్ అని అమ్మినవాళ్లు చెప్పలేదు, నాకూ అడగాలని తెలియదు. రెండు వారాలు విమానాలు తల మీద నుంచి వెళ్తుంటే నేను గరగర వింటూ కూర్చున్నాను. అందుకే కొనేటప్పుడు 'ఎయిర్‌బ్యాండ్ ఏఎం రిసెప్షన్' అని స్పష్టంగా రాసి ఉందా అని చూడండి. బాగా ప్రచారంలో ఉన్న బావోఫెంగ్ యూవీ-5ఆర్‌లో ఈ సౌకర్యం లేదు. క్వాన్‌షెంగ్ యూవీ-కె5లో ఉంది. వినడానికి మాత్రమే కావాలంటే ఎక్స్‌హెచ్‌డేటా డీ-808, టెక్‌సన్ పీఎల్-660 లాంటి చిన్న రేడియోల్లో ఎయిర్ బ్యాండ్ విడిగా ఉంటుంది.

ఏఎం లాంటి ఇంత పాత పద్ధతి ఇంకా ఎందుకు అనిపించొచ్చు. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండోవాడు మాట్లాడినట్టే తెలియదు. ఏఎంలో అలా కాదు. రెండు సిగ్నళ్లు కలిసి కీచుమంటాయి. మాటలు పోయినా, ఇద్దరు ఒకేసారి మాట్లాడారన్న సంగతి వింటున్న అందరికీ తెలుస్తుంది. వెంటనే ఎవరో ఒకరు 'బ్లాక్డ్' అంటారు, మళ్లీ చెప్పించుకుంటారు. మీకూ ఈ కీచు శబ్దం వారంలో ఒకసారైనా వినిపిస్తుంది.

యాంటెన్నా: ఒక జానెడు చాలదు

సెట్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా సాధారణంగా వేరే బ్యాండ్‌కు సరిపోయేలా చేసింది. 125 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2.4 మీటర్లు. అందులో నాలుగో వంతు 60 సెంటీమీటర్లు. కాబట్టి లాగితే అంత పొడవు వచ్చే టెలిస్కోపిక్ యాంటెన్నా పెట్టుకుంటే తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. దాన్ని నిటారుగా పట్టుకోండి. విమానాల సిగ్నల్ నిలువు ధ్రువణంలో, అంటే తరంగం పైకీ కిందికీ ఊగుతూ వస్తుంది, యాంటెన్నాను బల్ల మీద పడుకోబెడితే చాలా వరకు పోతుంది.

యాంటెన్నా కంటే కూడా మీరు నిలబడే చోటు ముఖ్యం. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత దూరమే వెళ్తాయి. పది వేల మీటర్ల ఎత్తులో ఉన్న విమానానికి అడ్డు లేకపోతే అది నాలుగు వందల కిలోమీటర్ల దూరం నుంచి కూడా మీకు వినిపించగలదు. కానీ నేల మీదున్న టవర్ యాంటెన్నాకూ మీకూ మధ్య నాలుగు భవనాలుంటే కొన్ని కిలోమీటర్లకే ఆ గొంతు ఆగిపోతుంది. మొదట్లో చెప్పిన 'సగం సంభాషణ' ఇందువల్లే. గదిలోంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి డాబాకి మారండి. దగ్గర్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఉంటే ఆపి చూడండి. వాటి నుంచి వచ్చే గోల ఏఎంలో సూటిగా చెవిలోకి వస్తుంది.

విమానాశ్రయం దగ్గరికి వెళ్లాలనుకుంటే జనం మామూలుగా నిలబడే చోటే నిలబడండి. ప్రహరీ పక్కన రేడియో పట్టుకుని నిలబడితే భద్రతా సిబ్బందికి అనుమానం రావడం సహజం. అడిగితే రేడియో చూపించి నెమ్మదిగా చెప్పండి, వెళ్లిపోమంటే వెళ్లిపోండి. విమానం లోపల మాత్రం ఈ రేడియో ఆన్ చేయకండి.

ఫ్రీక్వెన్సీలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రతి దేశం తన విమానాశ్రయాల వివరాలను ఏఐపీ అనే అధికారిక ప్రచురణలో ఇస్తుంది. చాలా దేశాలది ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో మీ విమానాశ్రయం పేజీ తెరిచి ఏడీ 2.18 అనే భాగానికి వెళ్లండి. ఏ సర్వీసు ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో అక్కడ పట్టికలా ఉంటుంది. ఎవరో పదేళ్ల కింద రాసిపెట్టిన జాబితాల కంటే ఇది నమ్మకం.

ఆ పట్టికలోని పేర్లు విమానం కదిలే వరుసలోనే ఉంటాయనుకోండి. డెలివరీ ప్రయాణ మార్గానికి అనుమతి ఇస్తుంది. గ్రౌండ్ నేల మీద నడిపిస్తుంది. టవర్ చేతిలో రన్‌వే ఉంటుంది. అప్రోచ్, డిపార్చర్ విమానాశ్రయం చుట్టూ ఉన్న ఆకాశాన్ని చూస్తాయి. ఆ పైన ప్రయాణించే విమానాలు ఏరియా కంట్రోల్ కింద ఉంటాయి. ఏటిస్ అనేది వాతావరణం, రన్‌వే గురించి రికార్డు చేసిన సమాచారం, ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. పెద్ద విమానాశ్రయాల్లో డెలివరీ పని చాలా వరకు డేటాలింక్ మీదికి, అంటే మాటలకు బదులు అక్షరాల్లో వెళ్లే సందేశాల మీదికి మారింది, అక్కడ నిశ్శబ్దంగా ఉంటే కంగారు పడకండి.

వీటిని మెమరీ చానెళ్లుగా ఎక్కించండి. ప్రతి చానెల్‌కూ మోడ్ ఏఎం అని ఉందో లేదో మళ్లీ చూడండి. స్టెప్, అంటే ఒక చానెల్ నుంచి పక్క చానెల్‌కు దూకే దూరం, 25 కిలోహెర్ట్జ్ పెడితే చాలా చోట్ల సరిపోతుంది. యూరప్‌లో మాత్రం చానెళ్ల దూరం 8.33 కిలోహెర్ట్జ్, అక్కడ ఆ స్టెప్ ఉన్న సెట్ కావాలి. చానెళ్లన్నిటినీ వరుసగా వెతికే స్కాన్ పెట్టేటప్పుడు ఏటిస్‌ను జాబితాలోంచి తీసేయండి. అది ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కాబట్టి స్కాన్ అక్కడే ఇరుక్కుపోతుంది.

స్క్వెల్చ్ అంటే మాట లేనప్పుడు గరగరను ఆపే తలుపు. మొదట దాన్ని పూర్తిగా తెరిచి గరగర విననివ్వండి. తర్వాత ఆ శబ్దం ఆగే వరకు ఒక్కో మెట్టు పెంచి అక్కడే వదిలేయండి. ఎక్కువ బిగిస్తే దూరపు విమానాలన్నీ తలుపు బయటే ఉండిపోతాయి.

120 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల సినిమా పాట వినిపిస్తే అది పైలట్ పెట్టుకున్నది కాదు. చాలా చవక రేడియోల లోపలి నిర్మాణం వల్ల 21.4 మెగాహెర్ట్జ్ కింద ఉన్న ఎఫ్ఎం స్టేషన్ నీడలా ఇక్కడ పడుతుంది. 98.6లో ఉన్న స్టేషన్ 120.0లో వినిపించడం అలాంటిదే. యాంటెన్నా కొంచెం లోపలికి నెట్టండి, లేదా ఎఫ్ఎం టవర్‌కు దూరంగా జరగండి.

ముందు ఏటిస్, తర్వాత ఒక్క విమానం

ఏటిస్ అందితే మొదటి రోజు అదొక్కటే వినండి. అందులో ఎప్పుడూ ఒకే వరుస: ఆల్ఫా, బ్రావో లాంటి ఒక అక్షరం, సమయం, వాడుతున్న రన్‌వే, గాలి, విజిబిలిటీ, మేఘాలు, ఉష్ణోగ్రత, క్యూఎన్‌హెచ్ అనే గాలి పీడనం. అది మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి కాగితం మీద రాసుకోవచ్చు. ఈ అభ్యాసంతో అంకెలు పలికే తీరు చెవికి పడుతుంది. తొమ్మిదిని 'నైనర్' అంటారు, దశాంశ బిందువును 'డెసిమల్' అంటారు. రన్‌వే 27 అంటే సుమారు 270 డిగ్రీల దిక్కుకు, అంటే పడమరకు తిరిగి ఉన్నదని అర్థం. అదే రన్‌వేను అవతలి కొస నుంచి వాడితే 09 అవుతుంది.

రెండో రోజు స్కాన్ ఆపేయండి. కొత్తవాళ్లు చేసే తప్పు అన్ని చానెళ్లూ ఒకేసారి వినాలనుకోవడం. అప్పుడు ముక్కలే వస్తాయి, కథ రాదు. ఒకే విమానాన్ని పట్టుకుని దాని వెంట వెళ్లండి. నంబరు ఫైవ్ ఫోర్ టూ అనుకుందాం. గ్రౌండ్ చానెల్‌లో ఆ పైలట్ 'రిక్వెస్ట్ పుష్‌బ్యాక్ అండ్ స్టార్టప్' అంటాడు, అంటే వెనక్కి నెట్టించుకుని ఇంజిన్లు మొదలుపెట్టడానికి అనుమతి అడగడం. కాసేపటికి అతని నోటి నుంచే 'ట్యాక్సీ టు హోల్డింగ్ పాయింట్ ఆల్ఫా వన్, వయా బ్రావో, ఫైవ్ ఫోర్ టూ' అని వస్తుంది, బ్రావో దారిలో వెళ్లి రన్‌వే ముందున్న ఆల్ఫా వన్ దగ్గర ఆగమని. అంటే కంట్రోలర్ ఏం చెప్పాడో మీకు తెలిసిపోయింది. తర్వాత టవర్‌కు మారమన్న ఆదేశాన్ని ఫ్రీక్వెన్సీతో సహా చదువుతాడు. మీరూ అతనితో పాటు చానెల్ మార్చండి. అక్కడ 'లైన్ అప్ అండ్ వెయిట్' వినిపిస్తుంది, అంటే రన్‌వే మీదికెక్కి ఆగు. ఆ తర్వాత 'క్లియర్డ్ ఫర్ టేకాఫ్'. అరనిమిషంలో ఇంజిన్ల హోరు, ఇళ్ల మీదుగా విమానం. అది మేఘంలో కలిసిపోతుండగా అప్రోచ్ చానెల్‌లో అదే గొంతు తన ఎత్తు చెబుతుంది.

మాట్లాడేది ఎవరో పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. కంట్రోలర్ సాధారణంగా విమానం నంబరు ముందు చెప్పి తర్వాత ఆదేశం ఇస్తాడు. పైలట్ ఆదేశాన్ని అప్పజెప్పి నంబరు చివర్లో చెబుతాడు. పైలట్ గొంతు వెనుక కాక్‌పిట్ హోరు కూడా ఉంటుంది.

'రోజర్' అంటే విన్నాను అని మాత్రమే, అవును అని కాదు. అవునుకు 'అఫర్మ్' అంటారు. 'విల్కో' అంటే చెప్పినట్టు చేస్తాను. 'గో అరౌండ్' వినిపిస్తే వెంటనే ఆకాశం వైపు చూడండి, దిగబోతున్న విమానం మళ్లీ పైకి లేస్తుంది. అది ప్రమాదం కాదు, పైలట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే మామూలు చర్య.

ఇక 'టేకాఫ్' అన్న మాట. బాగా గమనిస్తే అది ఎంత అరుదుగా వస్తుందో తెలుస్తుంది. మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అనే అంటారు. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలోని లాస్ రోడియోస్ విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎగరడానికి అనుమతి ఇంకా రాకముందే కేఎల్ఎం విమానం పరుగందుకుంది. ఆగమని టవర్, మేమింకా రన్‌వే మీదే ఉన్నామని రెండో విమానంలోని పాన్ యామ్ పైలట్లు, ఒకేసారి మాట్లాడారు. కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఆ మాటల చోట చాలా వరకు కీచు శబ్దమే వినిపించింది. ఆ తర్వాతే 'టేకాఫ్' అన్న మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలని నియమం వచ్చింది. పీటీటీ నొక్కొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

కష్టమైన రోజు వస్తే

ఎప్పుడో ఒకసారి 'మేడే' మూడుసార్లు వినిపించొచ్చు, లేదా అంతకన్నా తక్కువ తీవ్రతకు 'పాన్ పాన్'. 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర ఫ్రీక్వెన్సీ, కానీ పైలట్ సాధారణంగా తాను అప్పటికే మాట్లాడుతున్న చానెల్‌లోనే చెబుతాడు. మిగతా విమానాలు మాట తగ్గిస్తాయి. కంట్రోలర్ విమానంలో ఎంతమంది ఉన్నారో, ఇంధనం ఎంత ఉందో అడుగుతాడు. చానెల్ మార్చకుండా వినండి. విన్నది అప్పటికప్పుడు ఫోన్‌లో పదిమందికీ పంపకండి. ఆ విమానంలో ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లకు సగం వార్త మీ నుంచి చేరకూడదు. చాలాసార్లు పది, పదిహేను నిమిషాల్లో అదే పైలట్, గొంతు పెద్దగా మారకుండా, రన్‌వే నంబరు చదివి 'క్లియర్డ్ టు ల్యాండ్' అంటాడు.