చీలమండ బెణికితే ఏం చేయాలి?

మెట్టు తప్పినా, గుంటలో కాలు పడినా పాదం లోపలికి మడత పడుతుంది. దాంతో బయటి పక్క ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోతాయి, ఒక్కోసారి చిరుగుతాయి కూడా. బెణుకంటే ఇదే. కంగారుపడి ఏదో ఒకటి రాసెయ్యకండి. ముందు ఎముక విరిగిందేమో చూసుకోవాలి.

చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకలుంటాయి కదా, వాటి కొస నుంచి వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కండి. వాచిన కండ మీద కాదు, సరిగ్గా ఎముక మీదే. తర్వాత పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా తగిలే ఎముకనూ, లోపలి పక్క పాదం వంపుకు పైనున్న ఎముకనూ నొక్కండి. వీటిలో ఎక్కడ నొప్పి పుట్టినా, కుంటుతూ అయినా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. కెనడాలోని ఒటావా డాక్టర్లు 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. చిన్నపిల్లల్లోనూ, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లలోనూ దీన్ని నమ్ముకోకుండా డాక్టరుకే చూపించండి. పాదం వంకర తిరిగినా, వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎముక బాగానే ఉందనుకుంటే, మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్‌ను 15–20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెట్టండి. క్రేప్ బ్యాండేజ్‌ను వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టండి. చుట్టాక బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. లేదంటే బిగువెక్కువైందని అర్థం, విప్పి మళ్లీ కట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. ఈ మొదటి రెండు మూడు రోజుల్లో వేడి కాపడం, మర్దన వద్దే వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది.

అలాగని వారాల తరబడి మంచం మీదే ఉండకూడదు. నొప్పి కాస్త తగ్గగానే పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి, ఓర్చుకోగలిగినంత నడవండి.

చాలామంది వాపు తగ్గగానే అన్నీ మానేస్తారు. అసలు పని మొదలయ్యేది అప్పుడే! పాదం ఎటు వాలుతోందో మెదడుకు చెప్పే నరాల కొసలు లిగమెంట్లలోనే ఉంటాయి. అవి దెబ్బతింటే కబురు ఆలస్యంగా చేరుతుంది, కాలు మళ్లీ మడత పడుతుంది. ఒకే చీలమండ మాటిమాటికీ బెణకడానికి ఇదో పెద్ద కారణం. అందుకే గోడ పక్కన ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి. అది తేలికయ్యాక కళ్లు మూసుకుని, ఆపైన దిండు మీద. వీటితో పాటు మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగండి. కనీసం ఆరు వారాలు రోజూ చేయాలి. ఆ కాలి మీద నొప్పి లేకుండా గెంతగలిగితేనే పరుగు, ఆటలు మొదలుపెట్టండి.

వారం గడిచినా బరువు మోపలేకపోతున్నా, ఆరు వారాల తర్వాత కూడా నడుస్తుంటే చీలమండ పట్టు తప్పుతున్నా ఎముకల డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో కలవండి.