థేమ్స్ ఆటుపోట్లను చూడవలసిన తీరు
మూసీ ఒడ్డున పెరిగిన హైదరాబాదీలకు సముద్రపు పోటుకు నది వెనక్కి పారడం వింతగానే ఉంటుంది కాబట్టి, లండన్ వెళ్లినప్పుడు ముందుగా ఆటుపోట్ల వేళల పట్టిక చూసుకుని, నీరు పూర్తిగా దిగే సమయానికి గంట ముందే లండన్ బ్రిడ్జి చేరుకోండి. అక్కడ రోజుకు రెండుసార్లు నీటిమట్టం 7 మీటర్ల వరకు లేచి దిగుతుంది; ఎగువన ఆ పోటు టెడింగ్టన్ అనే చోట ఆగుతుంది. నీరు తీసిన బురదలో, వేలెడంత పొడవున్న పాతకాలంలో పొగాకు తాగిన తెల్లని మట్టి గొట్టాల ముక్కలు కనిపిస్తాయి. అనుమతి పత్రం లేకుండా వెతకకూడదు, తీయకూడదు. పోటు వేగంగా వస్తుంది, మెట్లకు దూరంగా వెళ్లకండి.

1957లో జీవం లేనిదని తేల్చిన ఈ నదికి, మురుగునీటి శుద్ధి మెరుగుపడ్డాక చేపలు, వాటి వెనకే సీల్ అనే సముద్ర జంతువులు తిరిగి వచ్చాయి. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించేది ఇదే. సీల్‌ల కోసం తూర్పు లండన్‌లోని కానరీ వార్ఫ్ వైపు ఓపికగా చూడండి.